చంటిపాప కళ్లకలక చుక్కల మందుతో తగ్గట్లేదు. కాన్పులో అమ్మ నుంచి వచ్చే క్లమీడియా కావచ్చా?

కోనసీమ కోడలు
అందరికీ నమస్కారం. నాది మొదటి కాన్పు, పురిటికి పుట్టింట్లోనే ఉన్నాను. నార్మల్ డెలివరీ. పాప 2.9 కిలోలతో పుట్టింది, పుట్టగానే గట్టిగా ఏడ్చింది, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఇంటికొచ్చాక వారం తిరక్కుండానే ఎడమ కంట్లో నీళ్లు కారడం మొదలైంది. ఆ తర్వాత పుసులు కట్టాయి, తర్వాత కుడి కన్నుకీ పాకింది. ఇప్పుడు పొద్దున్నే లేచేసరికి రెండు కళ్లూ అతుక్కుపోయి ఉంటున్నాయి. కాచి చల్లార్చిన నీళ్లలో దూది తడిపి మెల్లగా తుడిస్తే గానీ తెరవలేకపోతోంది. రెప్పలు బాగా ఉబ్బాయి. కింది రెప్ప కొంచెం లాగి చూస్తే లోపలంతా ఎర్రగా ఉంది. నిన్న తుడిచినప్పుడు దూదికి సన్నగా నెత్తుటి చార అంటింది.

దగ్గర్లో చూపిస్తే యాంటీబయాటిక్ చుక్కలు రాశారు. వేసినప్పుడు తగ్గినట్టే ఉంటుంది, మళ్లీ మొదలు. జ్వరం లేదు, పాలు బాగానే తాగుతోంది. ఎల్లుండి బారసాల. ఇంట్లో అందరూ పసిపిల్లలకి ఇది మామూలే అంటున్నారు. నాకు మాత్రం మనసు ఒప్పుకోవట్లేదు. మీ పిల్లలకి ఎవరికైనా ఇలా అయిందా?

లక్కీ వాళ్లమ్మ, వరంగల్
టెన్షన్ పడకండి అక్కా. మా బాబుకీ పుట్టినప్పటి నుంచీ ఒక కంట్లో నీళ్లు, పుసులు ఉండేవి. కన్నీటి గొట్టం సరిగ్గా తెరుచుకోలేదని చెప్పి, ముక్కు పక్కన వేలితో కిందికి మసాజ్ ఎలా చేయాలో డాక్టర్ చూపించారు. కొన్ని నెలల్లో దానంతటదే పోయింది.

మామ్మ గారు
అమ్మాయ్, మా రోజుల్లో చనుబాలు రెండు చుక్కలు కంట్లో పిండేవాళ్లం. పొద్దున, సాయంత్రం వేసి చూడు. రాత్రి రెప్పల మీద కాస్త ఆముదం రాయి, చలవ చేస్తుంది.

లేబర్ రూమ్ నర్సు, నిజామాబాద్
మామ్మ గారూ, పెద్దవారు, మీ మాట కాదంటున్నందుకు ఏమనుకోకండి. ఈ పాపకి మాత్రం కంట్లో ఏమీ వేయొద్దు. పాలు వద్దు, ఆముదం వద్దు, కాటుక అసలే వద్దు.

లక్కీ వాళ్లమ్మ గారూ, మీ బాబుకి కన్ను ఎర్రబడలేదు కదా? కన్నీటి గొట్టం మూసుకుపోతే నీళ్లు కారతాయి, పుసి వస్తుంది, కానీ కన్ను తెల్లగానే ఉంటుంది, రెప్పలు పెద్దగా వాయవు. ఇక్కడ రెప్పలు ఉబ్బాయి, లోపల ఎర్రగా ఉంది, దూదికి నెత్తురు అంటింది, ఒక కంటి నుంచి రెండో కంటికి పాకింది. ఇది ఇన్‌ఫెక్షన్.

కోనసీమ కోడలు గారూ, బారసాల వాయిదా వేసుకోండి. రేపు పొద్దున్నే పిల్లల డాక్టర్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. "కళ్లు అతుక్కుంటున్నాయి" అని మాత్రమే చెప్పి ఊరుకోవద్దు. పుట్టిన ఎన్నో రోజున మొదలైంది, ఏ చుక్కలు ఎన్ని రోజులు వేశారు, అన్నీ చెప్పండి.

పిల్లల డాక్టర్, గుంటూరు
నర్సు గారు చెప్పింది అక్షరాలా నిజం. దయచేసి పాప ఫోటోలు ఇక్కడ పెట్టకండి. బిడ్డను చూడకుండా ఇది ఫలానా జబ్బు అని నేను చెప్పను. ఏం అడగాలో తెలుసుకుని వెళ్లడానికి ఇది రాస్తున్నాను.

పుట్టిన 28 రోజుల్లోపు వచ్చే కళ్లకలకను పెద్దవాళ్ల కళ్లకలకలాగా తీసుకోకూడదు. ఎన్నో రోజున మొదలైందన్నదే మాకు మొదటి ఆధారం. 2 నుంచి 5 రోజుల మధ్య మొదలై చీము ధారగా కారుతుంటే గనోరియా (కాన్పులో తల్లి నుంచే అంటే ఇంకో బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్) అనుకుని వెంటనే ఆసుపత్రిలో చేర్చుకుంటాం. అది నల్లగుడ్డు మీది పొరను చాలా త్వరగా తినేస్తుంది, చూపు పోయే ప్రమాదం ఉంది. 5 నుంచి 14 రోజుల మధ్య, ముందు నీరులా, తర్వాత పుసిగా వస్తూ రెప్పలు వాస్తే మాకు క్లమీడియా గుర్తుకు రావాలి. రోజుల లెక్క ఒక్కటే చూసి తేల్చలేం, రెండు ఇన్‌ఫెక్షన్లూ కలిసి కూడా ఉండొచ్చు. అందుకే పరీక్ష కావాలి.

క్లమీడియా ట్రకోమాటిస్ ఒక బ్యాక్టీరియా. తల్లికి గర్భాశయ ముఖద్వారం దగ్గర ఉంటుంది. చాలామంది ఆడవాళ్లకు నొప్పి, మంట, దుర్వాసన ఏమీ ఉండవు. కొంచెం తెల్లబట్ట అయితే గర్భంలో అది మామూలే అనుకుంటారు. కాన్పులో బిడ్డ ఆ దారిలోంచి వచ్చేటప్పుడు కళ్లకీ, ముక్కుకీ, గొంతుకీ ఆ క్రిమి అంటుతుంది. మందు వాడని తల్లికి పుట్టిన పిల్లల్లో సగానికి పైగా దీన్ని అంటించుకుంటారు. పావు వంతు నుంచి సగం మంది వరకు కళ్లకలక వస్తుంది. 5 నుంచి 30 శాతం మందికి తర్వాతి వారాల్లో న్యుమోనియా వస్తుంది.

చుక్కలతో ఎందుకు తగ్గదంటే, చుక్కలు కంటి వరకే పనిచేస్తాయి. క్రిమి ముక్కు వెనక, గొంతులో కూడా ఉంటుంది. క్లమీడియా అని తేలితే నోటి ద్వారా మందు ఇవ్వాలి. ఎరిత్రోమైసిన్ అయితే రోజుకు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున, నాలుగు విడతలుగా, 14 రోజులు. అజిత్రోమైసిన్ అయితే కిలోకు 20 మిల్లీగ్రాములు రోజుకొకసారి, 3 రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండోదానికే మొగ్గు చూపింది. ఈ లెక్కలు చదివి ఎవరూ సొంతంగా సిరప్ కొనొద్దు. నెలలోపు బిడ్డకు మందు మోతాదు ఆ రోజు బరువు చూసి డాక్టరే రాయాలి.

ల్యాబ్‌లో పనిచేసే అన్నయ్య, విశాఖ
డాక్టర్ గారి మాటకు ఒక్క విషయం కలుపుతాను, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే శాంపిళ్లలో ఇదే పొరపాటు ఎక్కువ. క్లమీడియా మనిషి కణం లోపల మాత్రమే బతుకుతుంది. బయటికి కారే పుసిని దూదితో తీసి పంపితే అందులో చీము కణాలే ఎక్కువ, క్రిమి దొరక్కపోవచ్చు. ముందు పుసి శుభ్రంగా తుడిచేసి, కింది రెప్పను తిరగేసి, లోపలి పొర మీద స్వాబ్ (దూది చుట్టిన పుల్ల) కాస్త గట్టిగా రుద్ది కణాలు వచ్చేలా తీయాలి. పాప ఏడుస్తుంది, తల్లి చూడలేదు, అయినా అలా తీస్తేనే రిపోర్టుకు విలువ. క్రిములను పెంచి చూసే మామూలు కల్చర్ ప్లేటు మీద ఈ క్రిమి పెరగదు. కాబట్టి "కల్చర్‌లో ఏమీ పెరగలేదు" అంటే క్లమీడియా లేదని కాదు. క్రిమి డీఎన్ఏను వెతికే పీసీఆర్ పరీక్ష అడగండి. గనోరియా కోసం అదే పూట స్లైడ్ మీద గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు, అది కాసేపట్లో తెలిసిపోతుంది.

కోనసీమ కోడలు
అందరికీ థాంక్స్. కాకినాడ తీసుకెళ్లాం. స్లైడ్‌లో గనోరియా కనిపించలేదన్నారు. పీసీఆర్‌కి పంపారు. రిపోర్ట్ వచ్చేదాకా ఆగకుండా సిరప్ మొదలుపెట్టారు. ఊపిరితిత్తులు విన్నారు, బాగున్నాయన్నారు. నా పాలు పట్టొచ్చా అని అడిగితే నిక్షేపంగా పట్టమన్నారు.

డాలస్ తెలుగమ్మాయి
మీ పోస్ట్ చదివి నా సంగతి చెప్పాలనిపించింది. ఇక్కడ అమెరికాలో 25 ఏళ్లలోపు గర్భిణులందరికీ, ఆ పైబడినవాళ్లలో రిస్క్ ఉన్నవాళ్లకీ మొదటి విజిట్‌లోనే క్లమీడియా పరీక్ష చేయమని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. నాకు అప్పుడు 24. యూరిన్ ఇచ్చి వచ్చాను, పాజిటివ్ అని ఫోన్ వచ్చింది. నాకు ఏ లక్షణమూ లేదు. అజిత్రోమైసిన్ 1 గ్రాము ఒకేసారి మింగించారు, మా ఆయనకీ మందు రాశారు. ఇద్దరికీ మందు అయిపోయాక ఇంకో 7 రోజులు దూరంగా ఉండమన్నారు. నెల తర్వాత మళ్లీ పరీక్ష చేశారు, నెగెటివ్. చివరి నెలల్లో ఇంకోసారి చేశారు. బాబుకి ఏమీ రాలేదు.

నర్సు ఫోన్‌లో చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. షుగర్ రిపోర్ట్ చెప్పినట్టే చెప్పింది. "ఇది ఉంది, ఈ మందు వేసుకో, మీవారికీ వేయించు, ఫలానా తేదీకి రా." అంతే. ఆ మామూలు గొంతు వల్లే నేను ఆ రోజు కుప్పకూలిపోలేదు.

ఒక సందేహం. ఇక్కడ బాబు పుట్టగానే కళ్లలో ఎరిత్రోమైసిన్ ఆయింట్‌మెంట్ రాశారు. అది అందరికీ రాస్తే ఈ బాధే ఉండదు కదా?

పిల్లల డాక్టర్, గుంటూరు
మంచి ప్రశ్న, చాలామంది అలాగే అనుకుంటారు. ఆ ఆయింట్‌మెంట్ గనోరియా కోసం. దీనికి పెద్ద చరిత్ర ఉంది. జర్మనీలోని లైప్జిగ్‌లో కార్ల్ క్రెడె అనే ప్రసూతి వైద్యుడు పుట్టిన ప్రతి బిడ్డ కంట్లో 2 శాతం సిల్వర్ నైట్రేట్ చుక్క వేయించి, ఫలితాలు 1881లో ప్రచురించాడు. అప్పటిదాకా యూరప్ అంధుల పాఠశాలల్లో చాలామంది పిల్లలు గనోరియా కళ్లకలకతో చూపు పోయినవాళ్లే. ఆ ఒక్క చుక్కతో కేసులు ఒక్కసారిగా పడిపోయాయి. ఎరిత్రోమైసిన్ ఆయింట్‌మెంట్ ఆ ఆచారానికి కొనసాగింపు. క్లమీడియాను మాత్రం ఇది నమ్మకంగా ఆపలేదు. కంట్లో ఆపినా ముక్కు, గొంతుల్లోకి చేరిన క్రిమిని ఏమీ చేయదు, అంటే న్యుమోనియా ఆగదు. బిడ్డను కాపాడాలంటే కాన్పుకు ముందే తల్లికి పరీక్ష, మందు. అంతకు మించిన దారి లేదు.

సత్తుపల్లి రాజు
డాక్టర్ గారూ, సిజేరియన్ అయితే రాదా?

పిల్లల డాక్టర్, గుంటూరు
చాలా తక్కువ, కానీ రాదని హామీ లేదు. ఉమ్మనీరు ముందే పోయి చాలాసేపైతే సిజేరియన్ బిడ్డలకూ అంటిన సందర్భాలున్నాయి. ఒక్క డోసు మాత్రతో పోయేదానికి ఆపరేషన్ గురించి ఆలోచించనే అక్కర్లేదు.

కోనసీమ కోడలు
పీసీఆర్ పాజిటివ్. క్లమీడియానే. పాప కళ్లు చాలా నయం, రెప్పల వాపు తీసింది, ఇప్పుడు నా వైపు కళ్లు విప్పి చూస్తోంది.

కానీ ఇంట్లో పరిస్థితి బాగోలేదు. డాక్టర్ గారు నాకూ మా ఆయనకూ కూడా మందు వేసుకోవాలని చెప్పారు. మా ఆయన పుణెలో ఉద్యోగం. రిపోర్ట్ ఫోటో పంపాను. మా ఆడపడుచు ఫోన్‌లో వెతికి "ఇది సుఖవ్యాధి" అని అత్తయ్య గారికి చెప్పింది. అప్పటి నుంచి అటునుంచి ఫోన్లు, ఇటు అమ్మ ఏడుపు. "నీకెలా వచ్చింది" అని అత్తయ్య గారు నన్ను అడిగారు. మా ఆయన ఏమీ మాట్లాడట్లేదు. పెళ్లికి ముందు గానీ తర్వాత గానీ నాకు వేరే ఎవరూ లేరు. ఆయన్ని అడగడానికి నాకు నోరు రావట్లేదు. పచ్చి బాలింతని, నిద్ర లేదు, పాలు తగ్గిపోతున్నాయేమోనని భయం. ఇది నేను మా వాళ్లెవరికీ చెప్పుకోలేను.

లక్కీ వాళ్లమ్మ, వరంగల్
అక్కా, ధైర్యంగా ఉండండి. ఆసుపత్రి బాత్‌రూమ్‌లో అంటుకుందని చెప్పేయండి, గొడవ ఆగిపోతుంది.

సురక్ష క్లినిక్ కౌన్సెలర్
కోనసీమ కోడలు గారూ, నేను ఒక జిల్లా ఆసుపత్రిలో కౌన్సెలర్‌ని. రోజూ ఇదే పని. నిదానంగా చదవండి.

ముందు లక్కీ వాళ్లమ్మ గారికి ఒక మాట. మీ ఉద్దేశం మంచిదే, కానీ ఆ మాట చెప్పించొద్దు. ఇది బాత్‌రూమ్ వల్ల, టవల్ వల్ల రాదు. ఈ రకం క్లమీడియా పెద్దవాళ్లకు శారీరక సంబంధం వల్లే వస్తుంది. అబద్ధంతో గొడవ ఆపితే ఆయన మందు వేసుకోరు. ఆయన వేసుకోకపోతే మీకు నయమైనా మళ్లీ మీకే అంటుతుంది.

ఇప్పుడు మీ సంగతి. ఈ ఇన్‌ఫెక్షన్ లక్షణాలు లేకుండా నెలల తరబడి, కొందరిలో ఏడాదికి పైగా ఉండిపోతుంది. మగవాళ్లలోనూ చాలామందికి ఏమీ తెలియదు. ఈరోజు పాజిటివ్ వచ్చిందంటే ఈరోజు ఉందని మాత్రమే అర్థం. ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది అన్నది ఏ ల్యాబూ చెప్పలేదు. ఈ రిపోర్ట్ పట్టుకుని ఎవరూ ఎవరినీ బోనులో నిలబెట్టలేరు. పెళ్లికి ముందటిదై ఉండొచ్చు, తర్వాతదై ఉండొచ్చు. ఆ సంభాషణ మీ ఇద్దరిదే. అత్తగారిది కాదు, ఆడపడుచుది కాదు. అది కూడా మీకు ఓపిక వచ్చాక, మీరు కావాలనుకుంటేనే.

మందుకు మాత్రం ఆ సంభాషణ అయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఆయనకు ఫోన్ చేసి ఈ నాలుగు మాటలు చెప్పండి: "పాపకు కాన్పులో ఇన్‌ఫెక్షన్ వచ్చింది, మందుతో తగ్గుతోంది. మనిద్దరం కూడా మందు వేసుకోవాలని డాక్టర్ చెప్పారు. మీరు పుణెలోనే చూపించుకోండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం." ఆయన సిగ్గుపడితే, జిల్లా ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఉంటాయని చెప్పండి. దేశమంతా ఉన్నాయి. పరీక్ష, మందు ఉచితం, వివరాలు బయటికి పోవు. 1097కి ఫోన్ చేస్తే దగ్గర్లోది ఎక్కడుందో చెబుతారు.

ఇంకొకటి. ఇద్దరికీ హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా చేస్తారు. మీకు గర్భంలో చేసే ఉంటారు. భయపెట్టడానికి చెప్పట్లేదు, అక్కడికెళ్లాక ఉలిక్కిపడకూడదని ముందే చెబుతున్నాను.

రాత్రి మీకు మరీ కష్టంగా ఉంటే ఇక్కడే రాయండి. నేను చూస్తూ ఉంటాను.

మామ్మ గారు
అమ్మాయ్, నేను ముందు చెప్పిన పాల చుక్కల సంగతి వదిలెయ్. మీ అత్తగారి వయసు దాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ ఫోన్లు కొన్నాళ్లు మీ అమ్మని ఎత్తమను. నువ్వు ఎత్తకు. బాలింతరాలు ఏడవకూడదమ్మా. వేళకి తిను, పిల్లకి పాలివ్వు. మీ అమ్మతో కూడా చెప్పు, కన్నవాళ్లు పక్కన గట్టిగా నిలబడితే బయటివాళ్ల నోళ్లు అవే మూతపడతాయి.

పేరు రాయలేని నాన్న
నేను ఎప్పుడూ చదవడమే గానీ రాయను. కోనసీమ చెల్లెమ్మా, మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా బాబుకి కళ్లకలక వచ్చి ఇదే తేలింది. నాకు పెళ్లికి ముందు ఒక సంబంధం ఉండేది. మంట లేదు, ఏ ఇబ్బందీ లేదు, నాకేదో ఉందని కలలో కూడా అనుకోలేదు. రిపోర్ట్ రాగానే మా అమ్మ నా భార్యనే అనుమానించింది. నేను అమ్మను పక్కకి తీసుకెళ్లి "ఇది నా వల్ల వచ్చింది, ఆమెను ఒక్క మాట అనొద్దు" అన్నాను. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ విషయం ఎత్తలేదు. మీవారు ఇది చదువుతారో లేదో తెలియదు. చదివితే మాత్రం, తమ్ముడూ, ఆ మాట చెప్పాల్సింది నువ్వే. నీ వల్ల వచ్చిందని నీకు తెలియకపోయినా సరే, ఆమె పక్కన నిలబడు.

కృష్ణలంక వాసి
ఇవన్నీ ఈ మధ్య వచ్చిన కొత్త రోగాలండీ. మన చిన్నప్పుడు ఎక్కడ విన్నాం?

ల్యాబ్‌లో పనిచేసే అన్నయ్య, విశాఖ
కొత్తది కాదండీ. 1907లో జావా దీవిలో హాల్‌బర్‌స్టెడ్టర్, ప్రొవాజెక్ అనే ఇద్దరు ట్రకోమా అనే కంటి జబ్బు ఉన్న రోగుల కళ్ల నుంచి గీరి తీసినదాన్ని ఒరాంగుటాన్ల కళ్లలో పెట్టి, కణాల లోపల చిన్న చిన్న మచ్చల్లాంటివి, అంటే ఈ క్రిమి గుంపులను, చూశారు. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే గనోరియా లేని చంటిపిల్లల కళ్లకలకలోనూ అవే కనిపించాయి. వాళ్ల తల్లుల గర్భాశయ ముఖద్వారంలోనూ కనిపించాయి. అంటే వందేళ్ల కిందటే తల్లి నుంచి బిడ్డకు వచ్చే దారి తెలిసిపోయింది. క్రిమిని పెంచి చూపించడానికే చాలా కాలం పట్టింది. 1957లో బీజింగ్‌లో టాంగ్ ఫీఫాన్ బృందం కోడిగుడ్డు పచ్చసొన సంచిలో పెంచామని ప్రచురించింది. 1959లో లండన్‌లో కళ్లకలక వచ్చిన బిడ్డ నుంచి, ఆ తల్లి నుంచి కూడా వేరుచేశారు. శిశువుల న్యుమోనియాకూ ఇదే కారణమని 1970లలో తేలింది.

మన ఊళ్లలో పాతవాళ్లు ట్రకోమా పేరు వినే ఉంటారు. ఆ జబ్బూ ఈ క్రిమిదే, కాకపోతే వేరే రకాలు. ఎ, బి, సి రకాలు చేతుల వల్ల, ఈగల వల్ల, మురికి గుడ్డల వల్ల కంటి నుంచి కంటికి పాకి ట్రకోమా తెస్తాయి. డి నుంచి కె దాకా రకాలు జననాంగాల్లో ఉండి కాన్పులో బిడ్డకు అంటుతాయి. భారత్‌లో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని 2024 అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఒకదాన్ని అంత దూరం తరిమిన దేశం రెండోదానికి గర్భిణులకు ఒక పరీక్ష పెట్టలేదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

నెల్లూరు నుంచి ఒక అమ్మ
దయచేసి దగ్గు గురించి కూడా అందరూ తెలుసుకోండి. మా పాపకి నెలన్నర వయసులో దగ్గు మొదలైంది. జ్వరం లేదు. ముక్కు దిబ్బడ. ఆ దగ్గు మామూలుగా ఉండేది కాదు. తెరలు తెరలుగా, పొట్టి పొట్టిగా, ఒక్కో దగ్గుకీ మధ్యలో చిన్న ఊపిరి పీల్చుకుంటూ వచ్చేది. ఒళ్లో పడుకోబెట్టుకుని బనియన్ పైకెత్తి చూస్తే డొక్కలు ఎగరేస్తోంది. పాలు రెండు గుక్కలు తాగి వదిలేసేది. జ్వరం లేదు కదా, జలుబే అని ఇంట్లో అందరూ ధీమాగా ఉన్నారు. ఆసుపత్రిలో ముందు కోరింత దగ్గు అనుమానించారు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ గాలి పట్టేసి ఉబ్బి ఉన్నాయన్నారు, మచ్చలున్నాయన్నారు. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఎక్కువ. అప్పుడు పెద్ద డాక్టర్ గారు "పుట్టిన రెండో వారంలో కళ్లకు పుసులు కట్టాయా" అని అడిగారు. కట్టాయి. చుక్కలతో తగ్గిందనుకుని ఊరుకున్నాం. గొంతు నుంచి శాంపిల్ తీస్తే క్లమీడియా. మందుతో తగ్గింది, ఇప్పుడు స్కూల్‌కి వెళ్తోంది.

పిల్లల డాక్టర్, గుంటూరు
నెల్లూరు అమ్మగారు చెప్పినంత బాగా మా పాఠ్యపుస్తకాల్లో కూడా ఉండదు. 1 నుంచి 3 నెలల మధ్య, జ్వరం లేకుండా, ఎగశ్వాసతో, ఇలా విరిగి విరిగి వచ్చే దగ్గు ఉంటే తీసుకెళ్లాలి. కోరింత దగ్గులో వరసగా దగ్గి చివర్లో ఒక్కసారిగా ఊపిరి లాగుతారు, ఇందులో దగ్గు దగ్గుకీ మధ్య ఊపిరి ఉంటుంది. అందరికీ ముందు కళ్లకలక వచ్చి తీరాలని లేదు. కళ్లు బాగున్నా న్యుమోనియా రావచ్చు.

కోనసీమ కోడలు
కౌన్సెలర్ గారూ, మీరు చెప్పిన మాటలే ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి, చూపించుకున్నానని, మందు వేసుకున్నానని చెప్పారు. వాళ్ల అమ్మతో తనే మాట్లాడతానన్నారు. ఇంకా మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది. ఈ శనివారం వస్తున్నారు.

పాపకి సిరప్ ఇచ్చాక కొంచెం పాలు కక్కుతోంది. మానేయనా?

పిల్లల డాక్టర్, గుంటూరు
మానొద్దు. పెదవుల పక్క నుంచి కాస్త కక్కడం ఫర్వాలేదు. ఒక్కటి మాత్రం కనిపెట్టి ఉండండి. 6 వారాల లోపు, ముఖ్యంగా మొదటి 2 వారాల్లో ఎరిత్రోమైసిన్ గానీ అజిత్రోమైసిన్ గానీ వాడిన కొద్దిమంది పిల్లల్లో జీర్ణాశయం కింది ద్వారం కండరం మందమై పాలు కిందికి దిగవు. అప్పుడు పాలు తాగిన కాసేపటికే దూరంగా చిమ్మినట్టు వాంతి అవుతుంది. పాప వెంటనే మళ్లీ ఆకలని ఏడుస్తుంది, ఉచ్చ తగ్గుతుంది, బరువు పెరగదు. అలా ఉంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి. ఇది అరుదు, ఆపరేషన్‌తో పూర్తిగా నయమవుతుంది. మందు మానేస్తే న్యుమోనియా ముప్పు అంతకంటే పెద్దది.

కోర్సు పూర్తయ్యాక పాపను తప్పకుండా మళ్లీ చూపించండి. ఎరిత్రోమైసిన్ కోర్సు దాదాపు 80 శాతం మందిలోనే పూర్తిగా పనిచేస్తుంది, కొందరికి రెండోసారి ఇవ్వాల్సి వస్తుంది.

ఖమ్మం చెల్లెలు
మా అక్కకి ఎనిమిదో నెల. ఇదంతా చదివాక భయం వేసింది. పీహెచ్‌సీలో అన్ని పరీక్షలూ చేశారు. వాటిలో ఇది ఉన్నట్టా లేనట్టా? ఇప్పుడు చేయిస్తే లాభం ఉంటుందా?

లేబర్ రూమ్ నర్సు, నిజామాబాద్
లేనట్టే అమ్మా. మన దగ్గర గర్భిణులందరికీ హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి చేస్తారు. క్లమీడియా ఆ జాబితాలో లేదు. తెల్లబట్ట పసుపుపచ్చగా ఉన్నా, కలిసినప్పుడు నెత్తురు లాంటివి ఉన్నా లక్షణాన్ని బట్టి మందు ఇస్తాం. బూడిద రంగు కిట్ అంటాం, అందులో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్‌లు ఉంటాయి. లక్షణం లేనివాళ్లు ఈ పద్ధతిలో మాకు దొరకరు. ఈ జబ్బులో ఎక్కువమంది అలాంటివాళ్లే, అదే నా బాధ.

పిల్లల డాక్టర్, గుంటూరు
ఎనిమిదో నెల అంటే ఇంకా టైమ్ ఉంది. అక్క చూపించుకునే గైనకాలజిస్ట్‌ను అడిగి పీసీఆర్ చేయించండి. పాజిటివ్ వస్తే అజిత్రోమైసిన్ 1 గ్రాము ఒకే డోసు, గర్భంలో వాడొచ్చు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రం ఈ నెలల్లో వద్దు, కాబట్టి మందుల షాపులో అడిగి ఏదో ఒకటి మింగించకండి. బావగారికీ అదే వారంలో మందు వేయించాలి. కాన్పు ముందే వచ్చేసి ఏదైనా మిగిలిపోయినా, బిడ్డ పుట్టగానే డాక్టర్‌కి ఈ రిపోర్ట్ చూపిస్తే వాళ్లు కళ్లు, దగ్గు కనిపెట్టి ఉంటారు.

ఖమ్మం చెల్లెలు
రేపే తీసుకెళ్తాను. శాంపిల్ ఎలా ఇవ్వాలి? యూరిన్ సరిపోతుందా?

ల్యాబ్‌లో పనిచేసే అన్నయ్య, విశాఖ
ఆడవాళ్లకు యోని స్వాబ్ అయితే ఇంకా మేలు, యూరిన్ అయినా చేస్తారు. స్వాబ్ నర్సు చూపిస్తే అక్కే తీసుకోవచ్చు, నొప్పి ఉండదు. యూరిన్ అయితే ఇచ్చే ముందు కనీసం గంట ఆగాలి, ముందు కడుక్కోకూడదు. మొదట వచ్చే ధారే పట్టాలి, 20 నుంచి 30 మిల్లీలీటర్లు చాలు. షుగర్ టెస్ట్‌కి ఇచ్చినట్టు మధ్యలోది పడితే క్రిమి దొరక్కపోవచ్చు. మందు వేసుకున్నాక తగ్గిందో లేదో చూసే పరీక్ష నాలుగు వారాల తర్వాతే చేయించండి. అంతకంటే ముందు చేస్తే చచ్చిన క్రిమి డీఎన్ఏ మిగిలి ఉండి ఊరికే పాజిటివ్ చూపిస్తుంది.